డిజోన్ నగరపు ఇంజనీరు హెన్రీ డార్సీ

ఖరగ్‌పూరులో స్థిరపడిన తెలుగువారిలో పెక్కుమంది బెంగాలు-నాగపూరు రైల్వే నాళ్ళలో ఉత్తరాంధ్ర మండలముల నుండి కొలువునకై వచ్చినవారి సంతతివారు. వర్క్‌షాపు, యార్డు, పంపు హౌసు అను మాటలు వారి యిండ్లలో పసిపిల్లలకు సైతము పరిచితములు. పట్టణమునకు ఆవలి ప్రక్కన, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిర భవనమున ప్రారంభమైన సాంకేతిక విద్యాలయములో భూగర్భశాస్త్రము చదువు విద్యార్థులకు మాత్రము డార్సీ అనునది ఒక కొలమానము. రాతిలో గల సన్నని సందుల గుండ నూనెగాని నీరుగాని ఎంత సులభముగా పాఱునో తెలుపుటకు ఆ మానమును వాడుదురు. అది ఒక మనుష్యుని పేరనియు, ఆ మనుష్యుడు ఒక ఊరికి కుళాయి నీరు తెచ్చినవాడనియు, రైలుబాటకు కొండలో సొరంగపు దారి చూపినవాడనియు, జీవితమంతయు సర్కారు ఉద్యోగమే చేసినవాడనియు ఎఱిగినవారు తక్కువ. ఇందొక వింత కలదు. అమెరికాలో డ్రేక్ త్రవ్వించిన ప్రసిద్ధమగు చమురుబావి 1859 నాటిది. డార్సీ కన్నుమూసినది 1858 మొదటి వారమున. చమురు పరిశ్రమ పుట్టకమునుపే గతించిన ఒక నీటి ఇంజనీరు పేరు చమురు శాస్త్రమున నిలిచిపోవుట యెట్లు సంభవించెనో తెలిసికొనుటకు ఆయన జీవితమును కొంత వివరముగా చూడవలసి యున్నది.

హెన్రీ డార్సీ 1803 జూన్ 10వ తేదీన ఫ్రాన్సు దేశమున బర్గండీ సీమకు ముఖ్యపట్టణమగు డిజోన్‌లో జన్మించెను. తండ్రి పన్నుల శాఖలో ఉద్యోగి. హెన్రీకి పదునాలుగేండ్ల వయస్సున, 1817లో, తండ్రి మరణించెను. తల్లి ఇద్దఱు కుమారులతో మిగిలిపోయెను. ఆమె ధైర్యముగల యిల్లాలు. అప్పుచేసి యైనను పిల్లలకు మంచి గురువులను కుదుర్చవలెనని నిశ్చయించి అట్లే చేసెను. నగలు కుదువబెట్టి కొడుకులను పట్నపు చదువులకు పంపిన తల్లులను మనవారిలోను చూచుచునే యున్నాము గదా! ఆ అప్పు వృథా కాలేదు. 1821లో హెన్రీ పారిసు నగరములోని పాలిటెక్నిక్ విద్యాలయమున ప్రవేశించెను. రెండేండ్ల పిమ్మట వంతెనలు, బాటల ఇంజనీర్లను తయారుచేయు ప్రభుత్వ విద్యాలయమునకు ఎంపికయ్యెను. అందు ఉత్తీర్ణులగువారు దేశవ్యాప్తమైన ఒక ఇంజనీర్ల శ్రేణిలో చేరి, ప్రభుత్వము పంపిన చోటికి పోయి పనిచేయవలయును. బదిలీలు, పై అధికారుల తనిఖీలు, నివేదికలు మున్నగు వాని విషయమున నేటి కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఆ జీవితము క్రొత్తగా తోచదు.

చదువు ముగిసినది 1826లో. మొదట జురా ప్రాంతమునకు పంపబడి, కొలదికాలమునకే సొంత ఊరగు డిజోన్‌కు బదిలీ అయ్యెను. 1828లో హెన్రియెట్ కేరీ అను ఆంగ్ల యువతిని వివాహమాడెను. ఆమె కుటుంబము గెర్న్సీ ద్వీపమునుండి వచ్చి డిజోన్‌లో నివసించుచుండెను.

ఆనాటి డిజోన్ నగరపు నీటి దుస్థితిని ఊహించుట మనకు కష్టము కాదు. ఇండ్ల నడుమ లోతులేని బావులుండెను. వాని ప్రక్కనే మురుగుగుంటలు. ఊరి మధ్యగా పాఱు సుజోన్ అను ఏఱు వేసవిలో ఎండి, మిగిలిన కాలమున మురికికాలువగా మారెను. మంచినీటి కొఱకు ఎన్ని యోచనలు జరిగినను ఏదియు ఫలింపలేదు. లోతైన బావి త్రవ్వినచో నీరు తనంతట పైకి ఉబుకునని కొందఱు తలంచిరి. 1828లో ఆ త్రవ్వకపు పని డార్సీకే అప్పగింపబడెను. నీరు పడినది గాని ఊరికి చాలునంత రాలేదు. భూమి లోపల నీరున్నంత మాత్రమున చాలదు, అది నడచి బావికి రావలయును. ఆ నడకకు దాని నియమములు దానికి గలవు. ఈ పాఠము ఆయనకు ఇరువదియైదేండ్ల వయస్సుననే అనుభవమునకు వచ్చెను. దానికి సమాధానము దొరకుటకు మఱి ఇరువదియేడేండ్లు పట్టినది.

అంతట ఆయన దృష్టి ఊరికి దూరముగా నున్న రొజ్వార్ అను నీటి ఊటపై బడెను. 1834లో ఆయన సమర్పించిన ప్రణాళిక ప్రకారము, ఆ ఊటనుండి 12.7 కిలోమీటర్ల పొడవున మూతగల రాతికాలువ కట్టి, పంపు ఏదియు లేక కేవలము వాటము చేతనే నీటిని నగరమునకు తేవలయును. అనుమతులు, భూముల సేకరణ, అభ్యంతరములు అన్నియు దాటి 1840 సెప్టెంబరు 6వ తేదీన నీరు డిజోన్ చేరెను. ఊరి యంచున నిర్మించిన జలాశయమునుండి వీధుల క్రింద గొట్టములు వేసిరి. 1844 నాటికి వాని పొడవు 28 కిలోమీటర్లు. వీధివీధిని ప్రజలు ఉచితముగా నీరు పట్టుకొను కుళాయి స్తంభములు వెలసెను. పారిసు నగరమునకు సైతము అట్టి సదుపాయము అప్పటికి లేదు.

ఈ పనికి న్యాయముగా ఆయనకు రావలసిన ప్రతిఫలము చాల పెద్ద మొత్తము. డార్సీ దానిని పుచ్చుకొనలేదు. పురపాలకులు ఒక బంగారు పతకము నొసగి, ఆయన యింటికి జీవితాంతము నీరు ఉచితమని తీర్మానించిరి. దానిని మాత్రము ఆయన స్వీకరించెను. ప్రభుత్వ నిర్మాణములలో వాటాలు, కమీషన్లు అను మాటలు చెవిని పడని దినములేని మనకు ఈ సంగతి కట్టుకథవలె తోచవచ్చును గాని, ఇది డిజోన్ నగర చరిత్రలో నమోదైన విషయము.

రైలు పట్టణపు పాఠకులకు ఆసక్తి కలిగించు ఘట్టము మఱియొకటి కలదు. పారిసునుండి లియోన్‌కు రైలుమార్గము వేయదలచిన కాలమున, అది ఏ దారిని పోవలెనను వివాదము చెలరేగెను. డిజోన్‌ను తప్పించి పోవు దారులు సులభమని వాదించినవారు గలరు. డిజోన్‌కు పడమట ఎత్తైన నేల అడ్డముగా నిలిచి యుండుటయే అందుకు కారణము. బ్లేజీ అను గ్రామము వద్ద నాలుగు కిలోమీటర్లకు పైగా సొరంగము త్రవ్వినచో మార్గము డిజోన్ మీదుగా పోగలదని డార్సీ కొలతలతో సహా నిరూపించెను. అంత పొడవైన సొరంగమా యని నవ్వినవారును ఉండిరి. తుదకు ఆ దారియే ఎన్నికయ్యెను. నిర్మాణము ఇతర ఇంజనీర్ల చేతిమీదుగా జరిగినది. 1851లో పారిసునుండి డిజోన్‌కు రైళ్ళు నడచెను. బెంగాలు-నాగపూరు మార్గము వచ్చిన పిమ్మట ఖరగ్‌పూరు ఏమయ్యెనో ఎఱిగిన మనకు, ఒక మార్గము ఊరిని తాకుటకును తప్పించి పోవుటకును గల భేదము వేఱుగా చెప్పనక్కఱలేదు.

1848లో ఫ్రాన్సున విప్లవము వచ్చెను. రాజు సింహాసనమును వదలి పోయెను. క్రొత్త ప్రభుత్వపు ప్రతినిధులకు డిజోన్‌లో డార్సీ పలుకుబడి కంటగింపయ్యెను. ఇరువది యేండ్లు సేవించిన ఊరినుండి ఆయనను దూరప్రదేశమునకు బదిలీ చేసిరి. ఆయన ఫిర్యాదు చేసినట్లు గాని, వీధికెక్కినట్లు గాని కనబడదు. కొలదికాలములోనే పారిసు నగరపు నీటి సరఫరా, బాటల శాఖకు ప్రధానాధికారిగా నియమింపబడెను. కంకర బాటల పద్ధతిని పరిశీలించుటకు 1850లో లండను పోయి వచ్చెను. పారిసులో నుండగా గొట్టములలో నీటి ప్రవాహమును గూర్చి విస్తారముగా ప్రయోగములు చేసెను. క్రొత్త గొట్టములోను, లోపల చిలుము పట్టిన పాత గొట్టములోను నీరు ఒకే రీతిని పాఱదని, లోపలి గరుకుతనమును లెక్కలోనికి తీసికొనవలెనని స్పష్టముగా చూపెను. నేటికిని గొట్టముల లెక్కలకు వాడు సూత్రమునకు డార్సీ పేరును, వైస్‌బాఖ్ అను జర్మను పండితుని పేరును జతగా చేరియున్నవి. అనగా ఈయన పేరు జలశాస్త్రమున రెండు చోట్ల నిలిచినది. మొదటిది గొట్టము, రెండవది ఇసుక. మనకు ఇచట కావలసినది రెండవది.

1840 దశకము నుండియే ఆయనను మెదడు పొరలకు సంబంధించిన వ్యాధి పీడించుచుండెను. 1855 నాటికి కార్యాలయపు భారము మోయు శక్తి తగ్గెను. క్రియాశీల సేవనుండి తప్పించి తనకు పరిశోధనకు వీలు కల్పింపుమని కోరి, అనుమతి పొంది డిజోన్‌కు మరలివచ్చెను. ఆరోగ్యము చెడి ఉద్యోగము విరమించినవాడు విశ్రాంతి కోరుట సహజము. ఈయన మాత్రము ఆ సంవత్సరము అక్టోబరు నెలాఖరుననే ప్రయోగమునకు పూనుకొనెను.

ప్రయోగస్థలము డిజోన్ నగరపు ఆసుపత్రి ఆవరణము. సాధనములు మిక్కిలి సామాన్యములు. 35 సెంటీమీటర్ల వ్యాసము గలిగి, మనిషి యెత్తును మించిన ఒక ఇనుప గొట్టమును నిలువుగా నిలిపిరి. అడుగున జల్లెడవంటి ఆధారము నమర్చి, దానిపై సోన్ నదినుండి తెచ్చిన ఇసుకను పోసిరి. పైనుండి నీరు లోనికి వచ్చును, ఇసుకగుండ దిగి క్రిందినుండి తొట్టిలో పడును. ఇసుకకు పైనను క్రిందను నీటి పీడనమును కొలుచుటకు పాదరసపు మట్టపు గొట్టము లుండెను. నీరు ఆసుపత్రి కుళాయిలనుండియే తీసికొనిరి. అనగా అది డార్సీ స్వయముగా ఊరికి తెచ్చిన రొజ్వార్ నీరే. ఇందొక చిక్కు కలదు. ఆసుపత్రిలో ఎవరైన కుళాయి త్రిప్పిన ప్రతిసారియు పీడనము మాఱి, పాదరసము ఎగిరిపడుచుండెను. ఇంజనీరు చార్లెస్ రిటర్ సహకారముతో అక్టోబరు 29, 30 తేదీలలోను నవంబరు 2వ తేదీనను కొలతలు తీసికొనిరి. మొదటి వరుసలో ఇసుక మందము 58 సెంటీమీటర్లు; తరువాతి వరుసలలో దాదాపు రెండింతలు, మూడింతలు. పాదరసపు ఒడుదుడుకుల వలన కలిగిన సందేహమును తీర్చుకొనుటకు 1856 ఫిబ్రవరిలో రిటర్ ఆ ప్రయోగమును మరల చేసెను. ఫలితము మాఱలేదు.

ఆ ఫలితమును మన యిండ్లలోని మూడు కుండల వడపోతతో పోల్చి చెప్పవచ్చును. ఇసుక కుండ వెడల్పైనదైనచో నీరు అంత ఎక్కువగా దిగును. ఇసుక మందము రెండింతలు చేసినచో దిగు నీరు సగమగును. పైనీటి మట్టమునకును క్రింది మట్టమునకును గల భేదము రెండింతలైనచో దిగు నీరు రెండింతలగును. ఇవి మూడును కొలతకు లొంగు సంగతులు. నాలుగవది ఇసుక స్వభావము: ముతక ఇసుకకు ఒక సంఖ్య, సన్న ఇసుకకు వేఱొక సంఖ్య. ఈ నాలుగింటిని కలిపిన చిన్న సూత్రమే డార్సీ నియమము. విద్యుత్తుకు ఓమ్, ఉష్ణమునకు ఫూరియే ఇట్టి సూత్రములనే అంతకుమున్ను చెప్పియుండిరి. నేల లోపలి ద్రవములకు అది లేని కొఱతను డార్సీ తీర్చెను.

ఆయన ఉద్దేశము మాత్రము భూగర్భ రహస్యములను ఛేదించుట కాదు. నది నీటిని ఇసుకతో వడపోసి త్రాగు పట్టణములలో, ఇంతమంది జనమునకు ఎంత వైశాల్యముగల వడపోత తొట్టి కట్టవలెనో లెక్కవేయుటకు ఇంజనీర్లకు ఆధారము కావలసి యుండెను. 1856లో డిజోన్ నగరపు నీటి ఏర్పాటులను గూర్చి ఆయన ప్రకటించిన మహాగ్రంథమున ఈ నియమము ఒక అనుబంధముగా మాత్రమే చోటుచేసికొన్నది. శాస్త్రప్రపంచమున గొప్పవని ఎన్నబడిన విషయములు పలుమార్లు ఇట్లే, ఒక చిన్న దైనందిన అవసరమునకు ప్రక్కవాటుగా పుట్టుచుండును.

1858 జనవరి 3వ తేదీన, పారిసులో నుండగా, ఊపిరితిత్తుల వ్యాధిచే డార్సీ మరణించెను. వయస్సు ఏబదినాలుగేండ్లు. భౌతిక కాయమును రైలులో డిజోన్‌కు తెచ్చిరి. ఆ రైలు తాను సూచించిన బ్లేజీ సొరంగము గుండనే వచ్చినది. నగరవాసులు పెద్ద సంఖ్యలో ఎదురేగి అంత్యక్రియలకు వెంట నడచిరి. జలాశయము వద్ద గల కూడలికి ఆయన పేరు పెట్టిరి. నేటికిని అదే పేరు. కాలువలలో నీటి ప్రవాహమును గూర్చి ఆయన ఆరంభించి విడిచిన ప్రయోగములను శిష్యుడగు బాజిన్ పూర్తిచేసి 1865లో వెలువరించెను.

చమురు శాస్త్రమున ఆయన పేరు ప్రవేశించిన కథ ఇటుపై మొదలగును. భూమి క్రింద చమురు చెఱువువలె నిలిచియుండునని జనసామాన్యపు నమ్మకము. చదువుకొన్నవారిలోను ఈ భ్రమ కలదు. చమురు రాతిలో నుండును. ఇసుకరాతి రేణువుల నడుమ గల సూక్ష్మమైన సందులలో, తడిసిన ఇసుకలో నీరున్నట్లు, నిండియుండును. కనుక చమురు రాక, నిలుపుదల, వెలికి తీయుట, అన్నియు డిజోన్ ఆసుపత్రిలోని ఆ ఇసుకగొట్టపు లెక్కకు లోబడినవే.

మన కృష్ణా-గోదావరి తీరమునే నిదర్శనముగా తీసికొందము. సుమారు పదమూడు కోట్ల యేండ్ల క్రిందట భారత భూభాగము అంటార్కిటికానుండి విడివడినపుడు తూర్పుతీరము వెంబడి నేల చీలి, మిట్టలు, పల్లములు వరుసలుగా ఏర్పడెను. ఆ పల్లములలో నదులు తెచ్చిన ఇసుక, ఒండ్రు, బంక పొరలు పొరలుగా పేరుకొని కిలోమీటర్ల మందమునకు చేరెను. ఇట్టి పల్లమునే అవక్షేప ద్రోణి యందురు, వాడుకలో బేసిన్. గోదావరి మండలపు మెట్టప్రాంతమును 1880 ప్రాంతమున సర్వే చేసిన విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పైకి కనబడు రాళ్ళకు స్థానిక నామములనే పెట్టెను. అందుచే రాఘవాపురపు బంకరాయి, తిరుపతి ఇసుకరాయి అను పేరులు నేటికిని చమురు నివేదికలలో కనబడుచున్నవి. వీనిలో మొదటిది చమురు పుట్టు రాయి, రెండవది వంటివి చమురు నిలుచుటకు తగిన రాళ్ళు. పుట్టుటకు నల్లని బంకరాయి, నిలుచుటకు ఇసుకరాయి, పైన మూతగా మరల బంకరాయి. ఈ మూడును వరుసగా కుదిరిన చోటనే చమురు దొరకునని స్థూలముగా చెప్పవచ్చును.

బంకతో పాటు పూడిపోయిన సూక్ష్మజీవుల, మొక్కల అవశేషములు రెండు మొదలు నాలుగు కిలోమీటర్ల లోతునకు దిగి, అఱువది నుండి నూటయిరువది డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి ఉడికినపుడు చమురుగా మాఱును. ఇంకను లోతునకు పోయినచో వాయువగును. పైబరువు పెరుగుకొలది బంకరాయి నలిగి, తనలోని నీటిని, నూనెను బయటికి నెట్టును. సమీపమున ఇసుకపొర యున్నచో నూనె దానిలో ప్రవేశించి, నీటికంటె తేలికయగుటచే మెల్లమెల్లగా ఎగువకు ప్రాకును. ఈ ప్రయాణపు వేగము సంవత్సరమునకు కొన్ని సెంటీమీటర్లు కావచ్చును. తక్కువయని తీసివేయరాదు. ఏటికొక సెంటీమీటరు నడచిన చుక్క పది లక్షల యేండ్లలో పది కిలోమీటర్లు పోవును. ద్రోణుల వయస్సు కోట్ల యేండ్లు. ఎగువన పొరలు ఉబ్బి గోపురమువలె వంగినచోట, పైని బంకరాయి అడ్డగించుటచే ఆగును. అడ్డు లేనిచో నేలపైకి వచ్చి ఆవిరైపోవును.

1933లో అమెరికా పరిశోధకులు వైకాఫ్, బోట్‌సెట్, మస్కట్, రీడ్ అనువారు రాతిగుండ ద్రవము పాఱు సామర్థ్యమునకు ఒక మానమును నిర్ణయించి దానికి డార్సీ యని పేరిడిరి. ఆ సామర్థ్యమునే పారగమ్యత యందురు. డార్సీ చెప్పిన నాలుగవ సంఖ్యలో ఇసుక గుణమును, ద్రవపు జిగటతనమును కలిసియుండెను. వారు వానిని వేఱుచేసి, రాతి గుణమును మాత్రమే ఈ మానముతో కొలిచిరి. మంచి చమురు ఇసుకరాతికి డార్సీలో వేయవవంతు మానముతో కొన్ని వందలు ఉండవచ్చును. బంకరాతికి అందులో లక్షవ వంతయినను ఉండకపోవచ్చును. నీరు, నూనె, వాయువు మూడును ఒకే సందులలో చొఱబడినపుడు ఒకదాని దారికి మఱియొకటి అడ్డుపడును. ఆ చిక్కును 1936లో మస్కట్, మెరిస్ అనువారు సూత్రములలో పెట్టిరి.

ఇంతలో ఒక పొరపాటు ప్రబలెను. ద్రవము అధిక పీడనమునుండి అల్ప పీడనమునకు పాఱునని చెప్పి, అదియే డార్సీ నియమమని పాఠ్యగ్రంథములలో వ్రాసిరి. ఇది నిజము కాదు. బావి అడుగున పీడనము పైకంటె ఎక్కువ. అంతమాత్రమున బావినీరు అడుగునుండి పైకి ఎగయుచున్నదా? పీడనముతో పాటు ఎత్తును గూడ లెక్కింపవలయును. డార్సీ కొలిచినది నీటి మట్టముల భేదమునే గాని వట్టి పీడనమును కాదు. అమెరికను శాస్త్రజ్ఞుడు కింగ్ హబ్బర్ట్ 1940లోను, డార్సీ గ్రంథమునకు నూరేండ్లు నిండిన 1956లో మరల ఒకసారియు ఈ సంగతిని విప్పిచెప్పి మూలపురుషుని మాటను నిలబెట్టెను. 1953లో ఆయన మఱియొక విషయము చూపెను. ద్రోణిలో నీరు కదలక నిలిచియున్నచో చమురు గోపురశిఖరమున సమతలముగా తేలును. నీరు ఒకవైపునకు పాఱుచున్నచో చమురు అడుగుమట్టము వాలి, చమురు శిఖరము తప్పి ప్రక్కకు జరుగును. శిఖరమునకు సూటిగా త్రవ్వినవాడు నీరు మాత్రమే చూచును.

వంగదేశమున ఈ అన్వేషణ సులభము కాలేదు. ఖరగ్‌పూరు వంగ ద్రోణి పడమటి అంచున నున్నది. మన కాళ్ళ క్రింది ఎఱ్ఱ మొరము అడుగున పొరలు తూర్పునకు, ఆగ్నేయమునకు పోవుకొలది మందమగుచు సముద్రతీరమునకు కిలోమీటర్ల లోతునకు దిగును. 1953లో భారత ప్రభుత్వమును స్టాన్‌వాక్ కంపెనీయు ఒడంబడిక చేసికొని, అటుపిమ్మట పశ్చిమ బెంగాలులో పది బావులు త్రవ్వి, లాభసాటి చమురు దొరకక 1960లో విరమించెను. ఆరు దశాబ్దములు గడచిన పిదప, 2018లో ఉత్తర ఇరువదినాలుగు పరగణాలలోని అశోక్‌నగర్ వద్ద చమురు-సహజవాయు సంస్థకు నిక్షేపము దొరకెను. 2020 డిసెంబరులో ఉత్పత్తి ఆరంభమయ్యెను. ద్రోణి ఉన్నంతనే చమురు ఉండదు. పుట్టిన చమురు నడచిన దారి ఎటు పోయెనో, ఎచట ఆగెనో పట్టుకొనవలయును. అందులకే అన్నేండ్లు పట్టినది.

గోదావరి సీమలో దారి త్వరగా దొరకినది. 1970 దశకము చివర నరసాపురము వద్ద బావి త్రవ్విరి. 1983లో రాజోలు వద్ద వాయువు వెలువడెను. ఐతే ఆ నేలకు ఒక ప్రమాదగుణము కలదు. నదులు ఒండ్రును అతిత్వరగా పోగుచేసిన చోట, బంకపొరలలోని నీటికి బయటికి పోవు వ్యవధి చాలదు. బంక పారగమ్యత అత్యల్పము. పైబరువు నానాటికి పెరుగును. పోలేని నీరే ఆ బరువును మోయవలసి వచ్చును. అంతట పీడనము సహజమును మించిపోవును. బావిలో పోయు బురదద్రవపు బరువు లోపలి పీడనమునకు చాలనిచో వాయువు ఒక్కసారిగా తన్నుకొని వచ్చును. 1995 జనవరి 8వ తేదీన కోనసీమలోని పాశర్లపూడి వద్ద ఒక బావినుండి వాయువు ఎగసి అంటుకొని, మార్చి నడుమ వఱకు మండుచునే యుండెను. చుట్టుప్రక్కల గ్రామములవారు కొబ్బరితోటలు, పశువులు విడిచి తరలిపోవలసివచ్చెను. రెండు నెలలకు పైగా రాత్రులు పగళ్ళవలె వెలిగిన ఆ కాలమును కోనసీమ పెద్దలు నేటికిని తలచుకొందురు.

కొన్నేండ్ల పిదప ఆ తీరముననే, లోతైన సముద్రమున, డార్సీ నియమము న్యాయస్థానమునకు ఎక్కినది. కాకినాడకు ఎదురుగా 2002లో రిలయన్సు కంపెనీకి ఒక హద్దులో వాయువు దొరకి, 2009 ఏప్రిలులో ఉత్పత్తి మొదలయ్యెను. ఆ హద్దునకు ఆనుకొని ప్రభుత్వ రంగపు చమురు-సహజవాయు సంస్థ హద్దులు గలవు. పటముపై గీసిన గీత ఇసుకపొరను కోయలేదు గదా! ఒకవైపు బావులు తెఱచి వాయువు తీయగా అచట పీడనము తగ్గును. పొర ఏకమైనచో ఆవలి వాయువు ఈవలికి జరుగును. జరిగినదా, జరిగినచో ఎంత యనునదే వివాదము. ఒక విదేశీ సలహా సంస్థ 2015లో లెక్కించి, పొరలు ఒకదానితో ఒకటి కలిసియున్నవనియు, సుమారు పదునొకండు వందల కోట్ల ఘనపు మీటర్ల వాయువు హద్దు దాటి జరిగినదనియు తేల్చెను. 2016లో కేంద్ర ప్రభుత్వము 155 కోట్ల డాలర్లు చెల్లింపవలెనని కోరెను. కంపెనీ తన హద్దులో, ఒప్పందము ప్రకారమే త్రవ్వితినని వాదించెను. 2018లో మధ్యవర్తుల మండలి అధికసంఖ్యాకుల తీర్పు కంపెనీ పక్షమున వచ్చెను. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానపు ఇద్దఱు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును కొట్టివేసెను. హద్దు దాటిన వాయువునకు యజమాని ఎవరను ప్రశ్న న్యాయశాస్త్రమునకు చెందినది. ఎంత దాటినదను లెక్క మాత్రము పొర వైశాల్యము, పీడనభేదము, నడిమి దూరము, రాతి పారగమ్యత అను ఆ నాలుగు కొలతలమీదనే ఆధారపడినది.